లినక్స్ సర్వర్ నిర్వహణ

లినక్స్ సర్వర్ నిర్వహణ అనగా లినక్స్ నిర్వాహక వ్యవస్థపై నడిచే సర్వర్ కంప్యూటర్లను స్థాపించడం, కాపాడడం, అవి మొరాయించినపుడు లోపాన్ని కనుగొని సరిచేయడం. ఈ పని చేసేవారిని సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ లేదా వ్యవస్థ నిర్వాహకుడు అంటారు. పరీక్షా ఫలితాలు, బ్యాంకు లావాదేవీలు, రైల్వే టిక్కెట్లు, ఆసుపత్రి రికార్డులు వంటివి నేడు ఏదో ఒక సర్వర్‌లోనే ఉంటాయి. కనుక సర్వర్ ఆగిపోతే నష్టపోయేది యంత్రం కాదు, దానిపై ఆధారపడిన ప్రజలు. ఆగిన సర్వర్‌ను మళ్ళీ నడిపించవచ్చు గాని, పోయిన సమాచారాన్ని తిరిగి పుట్టించలేము. ఈ రెంటికీ గల తేడాను గుర్తించడమే ఈ విద్యలో మొదటి పాఠం.

గమనిక: ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లను ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో ఇవ్వడం జరిగింది. కంప్యూటర్‌లో టైపు చేసేటప్పుడు వాటిని ఆంగ్లంలో, చిన్న అక్షరాలలో రాయాలి.

చరిత్ర

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ వ్యవస్థను ఆరంభించారు. ఒకే కంప్యూటర్‌ను పలువురు ఏకకాలంలో, ఒకరి దస్త్రాలు మరొకరు చెరపకుండా వాడుకోగలగడం దీని విశేషం. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను విడుదల చేశాడు. గ్నూ ఉపకరణాలు, లినక్స్ కెర్నెల్ కలిసి ఒక సంపూర్ణ వ్యవస్థ అయింది. 1993లో డెబియన్ పంపిణీ, రెడ్ హ్యాట్ సంస్థ మొదలయ్యాయి. 1995లో అపాచీ వెబ్ సర్వర్ రావడంతో లినక్స్ ఇంటర్నెట్ సర్వర్లలో వేగంగా వ్యాపించింది. 2017 నవంబరు జాబితా నుండి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ పైనే నడుస్తున్నాయి.

తెలుగునాట నేపథ్యం

లినక్స్ పుట్టుకకు రెండు దశాబ్దాల ముందే తెలుగునాట కంప్యూటర్ల తయారీ ఆరంభమైంది. 1967లో అణుశక్తి విభాగం ఆధీనంలో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) ఏర్పడింది. సికింద్రాబాదు సమీపంలోని కాప్రా, కుషాయిగూడ ప్రాంతం ఈ సంస్థ వల్లనే పెరిగింది. అక్కడి కూడలిని నేటికీ జనం ఈసీఐఎల్ చౌరస్తా అనే పిలుస్తారు. సంస్థ వ్యవస్థాపకుడు, శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు (1914–2003) పేరు మీదనే కాప్రా పక్కన ఎ.ఎస్.రావు నగర్ వెలసింది. ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్‌ను, 1970వ దశకంలో టీడీసీ-312, టీడీసీ-316 కంప్యూటర్లను తయారు చేసింది. టీడీసీ అనగా ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. తొలి రూపకల్పన ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో జరిగినందున ఆ పేరు వచ్చింది.

ఆ తరం కంప్యూటర్ల వద్ద పనిచేసేవారు యంత్రం ఎప్పుడు నడిచింది, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అన్న సంగతులను పుస్తకంలో చేతితో రాసి ఉంచేవారు. నేటి సర్వర్లలో ఆ పుస్తకం స్థానాన్ని లాగ్ దస్త్రాలు ఆక్రమించాయి. యంత్రాలు మారినా, రాసిపెట్టిన దానిని చదివి కారణం తెలుసుకొనే పద్ధతి మాత్రం మారలేదు.

హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ అనే సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ప్రచారం చేస్తూ, తెలుగు మెనూలతో కూడిన లినక్స్ పంపిణీని రూపొందించింది. 2015లో భారత ప్రభుత్వం తన కార్యాలయాలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని ప్రకటించింది. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదులో తన క్లౌడ్ సర్వర్ల ప్రాంతాన్ని ప్రారంభించింది.

నిర్వాహకుని అధికారం, బాధ్యత

లినక్స్‌లో రూట్ అనే వాడుకరికి సర్వాధికారాలు ఉంటాయి. రూట్ ఇచ్చిన ఆదేశాన్ని కంప్యూటర్ సాధారణంగా ప్రశ్నించదు. ఆర్ఎం అనే ఆదేశంతో తొలగించిన దస్త్రం చెత్తబుట్టలోకి పోదు, నేరుగా పోతుంది. అందుచేత రోజువారీ పనులకు సాధారణ వాడుకరి ఖాతానే వాడి, అవసరమైన ఒక్క ఆదేశానికి మాత్రం సూడో ద్వారా అధికారం పొందడం మంచి అలవాటు. సూడో వాడినపుడు ఎవరు ఏ ఆదేశం ఇచ్చారో లాగ్‌లో నమోదవుతుంది. పదిమంది ఒకే రూట్ సంకేతపదాన్ని పంచుకుంటే, పొరపాటు ఎవరిదో తేల్చడం కష్టమవుతుంది.

రూట్ అధికారం ఉన్న వ్యక్తి ఇతరుల ఉత్తరాలు, మార్కులు, వైద్య రికార్డులు చదవగలడు. చదవగలగడం వేరు, చదవడానికి హక్కు ఉండడం వేరు. ఈ మర్యాదను పాటించడం కూడా నిర్వాహకుని పనిలో భాగమే.

లోపాన్ని కనుగొనే పద్ధతి

సర్వర్ పనిచేయడం లేదని కబురు రాగానే దానిని పునఃప్రారంభించడం చాలామంది చేసే మొదటి పొరపాటు. దానివల్ల ఒక్కోసారి సమస్య తాత్కాలికంగా పోవచ్చు, కాని మెమరీలో ఉన్న ఆధారాలు కూడా పోతాయి. కారణం తెలియనందున సమస్య మళ్ళీ వస్తుంది. కింది క్రమాన్ని పాటించడం మేలు.

1. సమస్యను స్పష్టంగా రాసుకోవాలి. అందరికీ వస్తున్నదా, ఒక్కరికేనా? ఎప్పటి నుండి? తెరపై కనిపించిన సందేశం యథాతథంగా ఏమిటి?
2. చివరిగా ఏమి మారిందో విచారించాలి. నిన్నటి వరకు నడిచిన సర్వర్ ఈరోజు ఆగిందంటే, ఈ మధ్యలో చేసిన మార్పును ముందుగా అనుమానించాలి.
3. సర్వర్ స్థితిని చూడాలి. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ అనే ఆదేశం ఒక సేవ నడుస్తున్నదో లేదో, ఎప్పుడు ఆగిందో చెబుతుంది.
4. లాగ్‌లు చదవాలి. ఇవి వార్ సంచయంలోని లాగ్ అనే ఉపసంచయంలో ఉంటాయి. సిస్టమ్‌డీ ఉన్న పంపిణీలలో జర్నల్‌సీటీఎల్ ద్వారా కూడా చూడవచ్చు. వరుసగా వచ్చిన వంద దోష సందేశాలలో చివరిది కాక, మొదటిది ముఖ్యం. మిగిలినవి చాలావరకు దాని పర్యవసానాలే.
5. ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితం చూడాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.
6. చేసిన ప్రతి పనినీ సమయంతో సహా రాసిపెట్టాలి.

తరచుగా ఎదురయ్యే సమస్యలు

డిస్కు నిండిపోవడం: సర్వర్లు ఆగిపోవడానికి అతి సాధారణమైన కారణాలలో ఇది ఒకటి. డేటాబేసు రాయలేకపోతుంది, ఉత్తరాలు నిలిచిపోతాయి, ఒక్కోసారి లాగిన్ కూడా కుదరదు. డీఎఫ్ -హెచ్ అనే ఆదేశం ఏ విభాగం ఎంత నిండిందో చూపుతుంది. డీయూ అనే ఆదేశం ఏ సంచయం ఎంత చోటు తీసుకున్నదో చెబుతుంది. చోటు ఉన్నా కొత్త దస్త్రం సృష్టించలేకపోతే ఐనోడ్‌లు అయిపోయి ఉండవచ్చు. ప్రతి దస్త్రానికీ ఒక ఐనోడ్ కావాలి. లక్షలాది చిన్న దస్త్రాలు పేరుకుంటే, చోటు మిగిలి ఉండగానే ఐనోడ్‌లు నిండుకుంటాయి. దీనిని డీఎఫ్ -ఐ ద్వారా తెలుసుకోవచ్చు.

మరొక చిక్కు కూడా ఉంది. పెద్ద లాగ్ దస్త్రాన్ని తొలగించినా చోటు పెరగకపోవచ్చు. ఏదైనా ప్రోగ్రాము ఆ దస్త్రాన్ని ఇంకా తెరిచి ఉంచితే, పేరు పోయినా దానిలోని సమాచారం డిస్కు మీదే ఉంటుంది. ఎల్ఎస్ఓఎఫ్ ఆదేశంతో అటువంటి దస్త్రాలను కనుగొని, సంబంధిత సేవను పునఃప్రారంభిస్తే చోటు విడుదల అవుతుంది. లాగ్‌లు పేరుకోకుండా లాగ్‌రొటేట్ అనే ఉపకరణాన్ని ముందే అమర్చుకోవాలి.

మెమరీ చాలకపోవడం: మెమరీ పూర్తిగా అయిపోయినపుడు కెర్నెల్ ఏదో ఒక ప్రోగ్రామును బలవంతంగా ఆపివేస్తుంది. ఈ ఏర్పాటును ఓఓఎం కిల్లర్ అంటారు. అది తరచుగా ఎక్కువ మెమరీ వాడుతున్న డేటాబేసునే ఎంచుకుంటుంది. డేటాబేసు కారణం చెప్పకుండా ఆగిందనిపిస్తే కెర్నెల్ లాగ్‌ను తప్పక చూడాలి. ఫ్రీ అనే ఆదేశం చూపే అంకెలలో అవైలబుల్ అన్న గడిని చూడాలి గాని, ఫ్రీ అన్న గడిని చూసి కంగారు పడరాదు. ఖాళీ మెమరీని లినక్స్ దస్త్రాల తాత్కాలిక నిల్వకు వాడుకుంటుంది, అవసరమైతే వెంటనే తిరిగి ఇస్తుంది.

లోడ్ పెరగడం: టాప్ ఆదేశంలో మొదటి వరుసన గత 1, 5, 15 నిమిషాల సగటు లోడ్ కనిపిస్తుంది. నాలుగు కోర్లు ఉన్న సర్వర్‌లో లోడ్ సుమారు 4 దాటితే పనులు వరుసలో నిలబడుతున్నాయని అర్థం. అయితే లినక్స్‌లో డిస్కు కోసం ఎదురుచూస్తున్న పనులు కూడా లోడ్‌లోకే వస్తాయి. కనుక లోడ్ 20 ఉన్నా ప్రాసెసరు ఖాళీగా ఉందంటే, దోషం డిస్కులో వెదకాలి.

నెట్‌వర్కు: ఇక్కడ పరీక్ష దిగువ నుండి ఎగువకు సాగాలి. తీగ, ఇంటర్‌ఫేసు సరిగా ఉన్నవా? ఐపీ చిరునామా ఉన్నదా? గేట్‌వేకు పింగ్ వెళ్తున్నదా? సంఖ్యా చిరునామాతో పనిచేసి, పేరుతో పనిచేయకపోతే దోషం డీఎన్ఎస్‌లో ఉన్నట్లు. దానిని డిగ్ అనే ఆదేశంతో పరీక్షిస్తారు. సేవ నిజంగా తన పోర్టు వద్ద వింటున్నదో లేదో ఎస్ఎస్ అనే ఆదేశం చెబుతుంది. అన్నీ సరిగా ఉన్నా బయటివారికి అందకపోతే ఫైర్‌వాల్ నియమాలను చూడాలి.

అనుమతులు: దస్త్రం కనిపిస్తున్నా తెరుచుకోకపోతే యజమాని, సమూహం, అనుమతులు చూడాలి. తొందరలో సీహెచ్‌మాడ్ 777 ఇచ్చి అందరికీ అన్ని హక్కులు కట్టబెట్టడం, తాళం చెవి పోయిందని తలుపు ఊడబెరకడం వంటిది. ఏ సేవ ఏ వాడుకరి పేరుతో నడుస్తున్నదో తెలుసుకొని, ఆ వాడుకరికి కావలసినంత అనుమతి మాత్రమే ఇవ్వాలి. అనుమతులు సరిగా ఉన్నా తెరుచుకోకపోతే ఎస్ఈలినక్స్ వంటి అదనపు రక్షణ అడ్డుపడుతూ ఉండవచ్చు.

భద్రతా ధ్రువపత్రం గడువు: గడువు తీరిన ధ్రువపత్రం వల్ల ఆరోగ్యంగా నడుస్తున్న వెబ్‌సైటు కూడా ప్రమాదకరమని బ్రౌజరు హెచ్చరిస్తుంది. 2015లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచిత ధ్రువపత్రాలను 90 రోజుల గడువుతో ఇవ్వడం మొదలుపెట్టింది. 2029 మార్చి నాటికి ఇటువంటి ధ్రువపత్రాల గరిష్ఠ గడువును 47 రోజులకు కుదించాలని బ్రౌజరు తయారీదారులు, ధ్రువీకరణ సంస్థలు 2025లో నిర్ణయించాయి. గుర్తుపెట్టుకొని చేతితో మార్చే పద్ధతి ఇక చెల్లదు. స్వయంచాలకంగా మారే ఏర్పాటు చేసి, అది పనిచేస్తున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి.

గడియారం: చాలా సర్వర్లు సార్వత్రిక కాలమానాన్ని పాటిస్తాయి. భారత కాలమానం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఉదయం 11 గంటలకు ఫలితాలు విడుదల కాగానే సైటు ఆగిందని ఫిర్యాదు వస్తే, అటువంటి సర్వర్ లాగ్‌లో 05:30 దగ్గర వెదకాలి. అర్ధరాత్రికని క్రాన్‌లో పెట్టిన పని మనకు తెల్లవారుజామున 5:30కు జరుగుతుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశం సర్వర్ ఏ కాలమానంలో ఉన్నదో చూపుతుంది. పాత 32 బిట్ల కాల గణన 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8:44:07తో ముగుస్తుంది. అటువంటి పాత యంత్రాలను అంతకు ముందే మార్చుకోవలసి ఉంటుంది.

తెలుగు సమాచారంలో వచ్చే చిక్కులు

తెలుగు దస్త్రాలు ఉన్న సర్వర్లలో కొన్ని ప్రత్యేక సమస్యలు ఎదురవుతాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలగా, ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. "తెలుగు" అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి 6 సంకేతాలు ఉంటాయి, అనగా 18 బైట్లు. "శ్రీ" అనే ఒక్క అక్షరానికే 4 సంకేతాలు, 12 బైట్లు. లినక్స్‌లో విరివిగా వాడే ఎక్స్‌ట్4 దస్త్ర వ్యవస్థలో దస్త్రం పేరు 255 బైట్లకు మించరాదు. అంటే తెలుగు పేరులో 85 సంకేతాల కంటే ఎక్కువ పట్టవు. పొడుగాటి తెలుగు శీర్షికలు గల దస్త్రాలు ఎక్కకపోతే కారణం ఇదే కావచ్చు.

తెర మీద అక్షరాలు పాడైనపుడు అవి ఏ రూపంలో పాడయ్యాయో గమనించాలి.

* ఖాళీ పెట్టెలు కనిపిస్తే ఫాంటు లేదని అర్థం. సమాచారం క్షేమం. సర్వరే పీడీఎఫ్ తయారు చేస్తున్నట్లయితే లోహిత్ తెలుగు వంటి ఫాంటు సర్వర్‌లోనే ఉండాలి.
* ఒత్తులు, గుణింతాలు విడివిడిగా కనిపిస్తే అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేరులో లోపం. ఇక్కడా సమాచారం క్షేమమే.
* తెలుగుకు బదులు టోపీలు, చుక్కలు పెట్టిన ఐరోపా అక్షరాలు కనిపిస్తే, యూటీఎఫ్-8 సమాచారాన్ని వేరొక సంకేత పద్ధతిగా చదువుతున్నట్లు. చాలావరకు తిరిగి సరిచేయవచ్చు.
* డేటాబేసులోనే ప్రశ్నార్థకాలు నిలిచి ఉంటే, తెలుగు తెలియని సంకేత పద్ధతిలో భద్రపరచడం వల్ల అసలు అక్షరాలు నశించినట్లు. ఏ ఆదేశమూ వాటిని తిరిగి తేలేదు. పాత భద్రప్రతి ఒక్కటే శరణ్యం.

పై నాలుగింటిలో చివరిదే నిజమైన నష్టం. ఒక గ్రంథాలయ పట్టికో, పాఠశాల ప్రవేశాల పట్టికో కొత్త సర్వర్‌కు తరలించేటప్పుడు పది తెలుగు పేర్లను ముందుగా పంపి, కొత్తచోట చదివి చూసిన తరువాతనే మిగిలినవి తరలించాలి. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8ఎంబీ4 పద్ధతిని ఎంచుకోవడం ఉత్తమం. 2018లో వచ్చిన 8.0 సంచిక నుండి అదే అప్రమేయ పద్ధతి.

భద్రత

సర్వర్‌ను దూరం నుండి నడిపేందుకు ఎస్ఎస్‌హెచ్ వాడతారు. సంకేతపదానికి బదులు తాళపుచెవి జతలను వాడడం, రూట్ నేరుగా లాగిన్ కాకుండా చేయడం, అవసరం లేని సేవలను ఆపివేయడం కనీస జాగ్రత్తలు. ఎస్ఎస్‌హెచ్ లేదా ఫైర్‌వాల్ అమరికలు మార్చేటప్పుడు పాత కనెక్షనును మూయకుండా ఉంచి, మరొక కిటికీలో కొత్తగా లాగిన్ అయి చూడాలి. లేనిచో తాళం వేసి చెవి లోపలే మరచినట్లవుతుంది.

భద్రతా నవీకరణలను వాయిదా వేయరాదు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం వల్ల ఓపెన్ఎస్ఎస్ఎల్ వాడే సర్వర్ల మెమరీలోని రహస్యాలు బయటివారికి చిక్కే ప్రమాదం ఏర్పడింది. అలాగే పంపిణీకి మద్దతు ఎప్పుడు ముగుస్తుందో తెలుసుకొని ఉండాలి. ఎన్నో సంస్థలు వాడిన సెంట్ఓఎస్ 7కు 2024 జూన్ 30తో నవీకరణలు ఆగిపోయాయి.

శ్రద్ధగా గమనించడం వల్ల కలిగే మేలుకు 2024 మార్చి నాటి ఎక్స్‌జెడ్ ఉదంతం మంచి ఉదాహరణ. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యం అవుతున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు గమనించి, కారణం వెదికాడు. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేరులో ఎవరో దొంగదారి చొప్పించినట్లు తేలింది. అది ప్రధాన స్థిర పంపిణీలలోకి చేరకముందే ఆపగలిగారు.

భద్రప్రతులు

సమాచారానికి కనీసం 3 ప్రతులు, 2 రకాల మాధ్యమాలపై, 1 ప్రతి వేరొక చోట ఉండాలన్నది ప్రసిద్ధ సూత్రం. రెయిడ్ పద్ధతిలో రెండు డిస్కులు ఉన్నంత మాత్రాన భద్రప్రతి ఉన్నట్లు కాదు. ఒక డిస్కు మీద పొరపాటున తొలగించినది రెండవ డిస్కు మీద కూడా అదే క్షణాన తొలగిపోతుంది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు ద్వితీయ సర్వర్ అనుకొని ప్రధాన సర్వర్‌లోని డేటాబేసు సంచయాన్ని తొలగించాడు. పొరపాటు గ్రహించి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లే మిగిలాయి. రోజూ తీస్తున్నామనుకున్న భద్రప్రతులు సంచికల తేడా వల్ల అసలు తయారే కావడం లేదని అప్పుడు తెలిసింది. ఆ సంగతి చెప్పవలసిన హెచ్చరిక ఉత్తరాలు కూడా చేరలేదు. మరొక పని కోసం ఆరు గంటల ముందు తీసిన ప్రతి ఒకటి ఉండడంతో చాలా భాగం దక్కింది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది. సంస్థ ఈ వివరాలన్నీ దాచకుండా ప్రకటించింది.

2010 మార్చి 24న వికీమీడియా సంస్థకు ఐరోపాలో ఉన్న డేటా కేంద్రం వేడెక్కి సర్వర్లు వాటంతటవే ఆగిపోయాయి. రద్దీని ఫ్లోరిడా కేంద్రానికి మళ్ళించబోగా ఆ మళ్ళింపు ఏర్పాటే పనిచేయలేదు. ఫలితంగా వికీపీడియా ప్రపంచమంతటా కొంతసేపు అందకుండా పోయింది.

ఈ రెండు ఉదంతాలూ చెప్పేది ఒక్కటే. పరీక్షించని ఏర్పాటును నమ్మరాదు. నెలకొకసారైనా భద్రప్రతిని వేరొక యంత్రంలో తిరిగి స్థాపించి, సమాచారం పూర్తిగా వచ్చిందో లేదో చూడాలి. అలా తెరిచి చూసిన ప్రతినే భద్రప్రతిగా లెక్కించాలి.

దినచర్య

చిన్న కార్యాలయం లేదా కళాశాల సర్వర్‌ను చూసేవారికి ఈ కింది దినచర్య సరిపోతుంది.

* ప్రతిరోజూ: డిస్కు ఖాళీ, ఆగిపోయిన సేవలు, రాత్రి తీసిన భద్రప్రతి పరిమాణం చూడడం. పరిమాణం హఠాత్తుగా తగ్గితే అనుమానించాలి.
* ప్రతివారం: భద్రతా నవీకరణలు, విఫలమైన లాగిన్ ప్రయత్నాల పరిశీలన.
* ప్రతినెలా: భద్రప్రతి పునఃస్థాపన పరీక్ష, యూపీఎస్ బ్యాటరీ పరీక్ష, వెళ్ళిపోయిన ఉద్యోగుల ఖాతాల తొలగింపు.
* మార్పు చేసిన ప్రతిసారీ: పాత అమరిక దస్త్రానికి నకలు తీసి ఉంచడం, తేదీతో సహా నమోదు చేయడం.

నిర్వాహకుడు సెలవులో ఉన్ననాడు మరొకరు ఈ నమోదులను చదివి సర్వర్‌ను నడపగలిగితే ఆ నిర్వహణ సక్రమంగా ఉన్నట్లు లెక్క.

ఇవి కూడా చూడండి

* లినక్స్
* యూనిక్స్
* రిచర్డ్ స్టాల్‌మన్
* యూనికోడ్
* ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా
* కాప్రా